ప్రతిరక్షకం: ఒక ఉదాహరణ వాక్యం

మార్చి పదిహేడో తేదీ, మంగళవారం, ఉదయం పదీ నలభై. ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ అద్దాలకు సగం దాకా నీలం కాగితం అంటించిన ఒక గది. ఉన్నవారు నలుగురు: రోగి అయిన మా అక్క; ఆమె భర్త, అనగా ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మా బావ; కాలేయం డాక్టరు; నేను. నా వృత్తి శాస్త్ర పదకోశానికి మాటలు కూర్చడం. ఇంట్లో కూర్చుని చేసే పని. ఆ ఏడాదిలో నేను గడప దాటి అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి.

అక్క కళ్లలోని తెలుపు పాతబడిన కాగితం రంగుకు తిరిగింది.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. అబద్ధంరా," అంది కుర్చీలో కూర్చుంటూనే. "ఈ గోడ నాకు తెల్లగానే ఉంది. నీ నిఘంటువులో దిద్దుకో."

"అది సామెతమ్మా, రక్తపరీక్ష కాదు," అన్నాడు డాక్టరు.

"వీడికి రెండూ ఒకటే లెండి. అచ్చులో ఉంటే చాలు."

డాక్టరు నవ్వి, కాగితాలు ముందుకు లాక్కున్నాడు. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైములు నలభై లోపు ఉండవలసినవి పద్నాలుగు వందలు ఉన్నాయి. హెపటైటిస్ బి వైరస్ లెక్కపెట్టలేనంతగా ఉంది.

"చిత్రమేమిటంటే, ఈ వైరస్ కాలేయాన్ని కొరుక్కు తినదు," అన్నాడు. "కణంలో చేరి, దానిచేత తన ప్రతులు రాయించుకుంటూ కూర్చుంటుంది. కణం బతికే ఉంటుంది. దాన్ని చంపేది మన ఒంటి రక్షణ వ్యవస్థే. లోపల వైరస్ ఉందని పసిగట్టి కణాన్నే తీసేస్తుంది. ఒకటీ అరా అయితే మనకు తెలియదు. ఒకేసారి కోట్ల కణాల మీద పడితే ఇదిగో, ఇలా అవుతుంది."

"ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు," అన్నాడు బావ.

"అచ్చంగా అదే. కాకపోతే మీ ఆవిడ విషయంలో కీళ్ల జబ్బుకని వేసిన మందు ఆ రక్షణను అణిచి ఉంచింది. ఆ మందు పని అదే. కాపలా లేని ఇంట్లో ఎలకలు పిల్లలు పెట్టాయి. చివరి డోసు పడి ఎనిమిది నెలలైంది. కాపలావాడు మెల్లగా లేచి చూసేసరికి ఇల్లంతా ఎలకలే. ఇప్పుడు వాడు కంగారుపడుతున్నాడు."

వైరస్‌ను తగ్గించే మాత్రలు ఆ పూటే మొదలుపెడతానన్నాడు. కాలేయం తట్టుకుంటుందా లేదా అన్నది రెండు వారాల్లో తెలుస్తుందన్నాడు. తరవాత కలం మూత పెట్టి, ఒక విషయం తేలాలన్నాడు.

"ఇది కొత్తగా సోకిందా, ఎప్పటిదో పాతది లేచిందా? కొందరికి పెద్దయ్యాక సోకి, జ్వరమైనా రాకుండానే తగ్గిపోతుంది. తగ్గిందంటే పోయిందని కాదు. కాలేయ కణాల్లో ఒక ముక్క దాగి ఉంటుంది, కాపలా ఉన్నంతకాలం లేవదు. ఇంత ఉధృతిలో ఇప్పటి పరీక్షలు కొత్తదో పాతదో నమ్మకంగా చెప్పలేవు. పాత రక్తపరీక్ష కాగితం ఒక్కటి దొరికినా చాలు. లేదూ, కొత్తదే అనుకుంటే ఎక్కడినుంచి వచ్చిందో వెతకాలి. ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేయాలి, సూదులు వేసినచోట విచారణ జరగాలి."

బావ అప్పటికే చొక్కా చేయి పైకి మడుస్తున్నాడు.

"కాగితాల సంగతి వీణ్ని అడగండి," అంది అక్క నన్ను చూపించి. "నేను గుడ్డ చదువుతాను, వీడు కాగితం చదువుతాడు. ఇంట్లో పనుల పంపకం మా చిన్నప్పుడే అయిపోయింది."

డాక్టరు నా వైపు తిరిగాడు.

"వెతికి చూస్తాను," అన్నాను.

ఆ వాక్యాన్ని నేను తరవాత చాలాసార్లు పరిశీలించాను. వ్యాకరణరీత్యా అందులో అబద్ధం లేదు. అయితే ఆ కాగితం ఎక్కడుందో నాకు ఆ క్షణాన స్పష్టంగా తెలుసు: నా గదిలో, కిటికీ పక్కనున్న చెక్క అలమారులో, ఎడమనుంచి మూడో సొరుగులో, 'ప్రతిరక్షకం' అన్న చీటీ వెనక.

పదకొండేళ్ల కిందట అక్క తాను పనిచేసే దర్జీల కార్ఖానాలో రక్తదానం చేసింది. బట్టలు కత్తిరించే బల్ల దగ్గర నిలబడి పనిచేసేవాళ్లందరూ వరసగా ఇచ్చారు. మూడు వారాలకు ఆమె ఒక్కదానికే ఉత్తరం వచ్చింది. సర్ఫేస్ యాంటిజెన్: లేదు. కోర్ యాంటీబాడీ (ప్రతిరక్షకం): ఉంది. కాబట్టి మీ రక్తాన్ని వాడలేకపోతున్నాం, ఇకముందు దానం చేయవద్దు, వీలైనప్పుడు డాక్టరును కలవండి. అక్క ఆ ఉత్తరం పట్టుకుని తిన్నగా నా దగ్గరకు వచ్చింది. ఆమె దృష్టిలో యూనివర్సిటీలో చదివిన తమ్ముడుండగా డాక్టరును కలవడం అధిక ప్రసంగం.

నేను ఆ నెల 'ప' అక్షరం మీద పనిచేస్తున్నాను. యాంటీబాడీకి 'ప్రతిరక్షకం' అన్న మాట నా ముందే ఉంది. అది నేను పుట్టించినది కాదు, అయినా దాని మీద నాకు యజమానికి ఉండేలాంటి ప్రేమ ఉంది. విడదీసి చూస్తే అందులో 'రక్ష' ఉంది. రక్ష ఉన్నచోట భయమేమిటి? అక్కకు అదే చెప్పాను. నీ ఒంట్లో ప్రతిరక్షకాలున్నాయి, అంటే నీకు తెలియకుండానే టీకా వేయించుకున్నట్టు లెక్క, నీ రక్తం మామూలు రక్తంకన్నా గట్టిది, వాళ్లు నిబంధనల కోసం వద్దన్నారు అంతే.

"అయితే నేను కవచం తొడుక్కుని పుట్టానన్నమాట," అంది అక్క. "మీ బావకు చెప్పాలి, ఇక నామీద అరవడానికి జంకుతాడు."

టీకా వల్ల పుట్టేది వేరే ప్రతిరక్షకం. కోర్ యాంటీబాడీ టీకాతో రాదు. వైరస్ స్వయంగా ఒంట్లో అడుగుపెడితేనే వస్తుంది. అది ఎవరినీ రక్షించదు, వచ్చి వెళ్లిందని మాత్రం చెబుతుంది. వెళ్లిందనైనా కచ్చితంగా చెప్పలేదు. ఈ తేడా ఆనాటికే నా అలమారులోని రెండు పుస్తకాల్లో ఉంది. నేను వాటిని తెరవలేదు, ఎందుకంటే నాకు మాట అర్థమైంది, మాట అర్థమైతే వస్తువు అర్థమైనట్టేనని నా నమ్మకం. పైగా ఆ ఉత్తరంలో ఆ పదాన్ని సామాన్యుల కోసం వాడిన తీరు ముచ్చటగా ఉంది. ఉదాహరణ వాక్యంగా పనికొస్తుందని అడిగి ఉంచుకున్నాను. అక్క ఇచ్చేసింది. డాక్టరును కలవమన్న వాక్యం కూడా దానితోపాటే నా సొరుగులోకి పోయింది.

రెండేళ్ల కిందట ఆమె వేళ్ల కణుపులు వాచి, కత్తెర పట్టలేని స్థితి వచ్చినప్పుడు, కీళ్ల డాక్టరమ్మ మందు మొదలుపెట్టే ముందు నాలుగు పేజీల ఫారం ఇచ్చింది. అక్క వేళ్లు కలాన్నీ పట్టలేకపోతున్నాయి గనక నేనే నింపాను. 'గతంలో హెపటైటిస్ బి సోకిందా?' అవును, కాదు, తెలియదు. నేను 'కాదు' దగ్గర గుర్తు పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. పక్కనున్న ఖాళీలో, అడగని విషయం, నా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: 'రోగికి ఈ వ్యాధి పట్ల రక్షణ కలదు.' డాక్టరమ్మ సర్ఫేస్ యాంటిజెన్, అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా అన్నది, ఒక్కటే చూసింది. లేదని వచ్చింది. నా వాక్యాన్ని చూసి టీకా వేయించుకున్నారనుకుని ఉంటుంది. రెండోది, కోర్ యాంటీబాడీ పరీక్ష, చేయించి ఉండవలసింది. అది ఆమె వంతు తప్పు. దాన్ని నా తప్పులోంచి తీసివేసి చూద్దామని ఆ వారమంతా ప్రయత్నించాను. ఎంత తీసినా నాది తగ్గలేదు.

మంగళవారం సాయంత్రమే ఉత్తరం బయటకు తీశాను. నా అర్థం తప్పని ఆసుపత్రి గదిలోనే తెలిసిపోయింది. అయినా నిర్ధారణ చేసుకోవాలని పుస్తకాలు ముందేసుకుని బుధవారం, గురువారం చదివాను. మా వృత్తిలో ఒక పదాన్ని మూడు ఆధారాలు లేకుండా దిద్దకూడదు. మూడూ గురువారం మధ్యాహ్నానికి దొరికాయి. నాలుగోదాని కోసం వెతుకుతున్నాను. దీన్ని జాగ్రత్త అనవచ్చు. నేను ఆ మూడు రోజులూ దాన్ని అలాగే పిలిచాను.

శుక్రవారం బావ వచ్చాడు. పుస్తకాల మధ్య కూర్చునే చోటు లేక, నిలబడే మాట్లాడాడు.

"ఏమోయ్ పండితుడూ, దొరికిందా?"

"చూస్తున్నాను బావా."

"దొరకదులే. లేనిది ఎలా దొరుకుతుంది? నేను ఆలోచించాను. ఇది ఆ కీళ్ల క్లినిక్‌లో మందు ఎక్కించిన సూది దగ్గరే వచ్చింది. మా లిఫ్టుకైతే నెలనెలా ఎవరు చూశారో సంతకం ఉంటుంది. తాడు తెగితే ఎవణ్ని పట్టుకోవాలో తెలుస్తుంది. అక్కడ సూదిగదిలో ఉండేది ఒక్క నర్సే. ఫిర్యాదు రాయాలి. నాకు కోపం వస్తుంది గానీ భాష రాదు. నువ్వు రాయి, రేపు మీ అక్క సంతకం పెడుతుంది."

"ముందు నీ పరీక్ష రానీ బావా. సోమవారం అన్నారుగా."

బావ కిటికీ బయటకు చూశాడు. "సోమవారం నాలో ఉందని వస్తే?" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు విననిది. "మంగళవారం నుంచీ నా ముప్పై ఏళ్లూ తిరగేస్తున్నాను. ఏ క్షవరం కత్తి, ఏ పళ్ల డాక్టరు, ఏ తీగ కోసుకుపోయినప్పుడు ఎవడి రక్తం అంటింది. ఇంట్లో నా కంచం, నా గ్లాసు వేరే పెట్టుకున్నాను. అవసరం లేదని డాక్టరు చెప్పాడులే. అయినా పెట్టుకున్నాను."

సొరుగు నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. నేను తెరవలేదు.

"రాస్తాను," అన్నాను.

రాశాను కూడా. ఆ ముసాయిదా నా జీవితంలో నేను రాసిన అత్యంత నిర్దుష్టమైన గద్యం. అందులో కర్త ఎక్కడా లేడు. 'రోగికి సూదులు వేయబడినవి.' 'తగిన శుభ్రత పాటించబడలేదని అనుమానించబడుచున్నది.' 'పూర్వ వివరములు సరిగా సేకరించబడలేదు.' కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని నేను ఇరవై ఏళ్లుగా కుర్ర అనువాదకులను మందలిస్తున్నాను. దాని ఉపయోగం ఏమిటో ఆ రోజు తెలిసింది.

శనివారం పదకొండు గంటలకు, అక్కను చేర్చిన వార్డుకు వెళ్లాను. ఆరు మంచాల గది. అక్కది గోడవైపు చివరిది. బావ స్టూలు మీద కూర్చుని కమలాపండు వలుస్తున్నాడు, తెల్లటి పీచు కాస్తయినా మిగలకుండా. అక్క ముఖం మరింత పచ్చబడింది. అయినా దుప్పటి అంచు కుట్టును వేలితో తడిమి చూస్తోంది.

"పదమూడు కుట్లకు ఒకటి జారిపోయింది," అంది. "మిషను తప్పు కాదు, మనిషికి నిద్ర వచ్చింది. ఏం తెచ్చావురా?"

ముసాయిదా ఇచ్చాను. ఆమె నెమ్మదిగా చదివింది, గుడ్డను వెలుతురుకు పట్టి చూసినట్టు పైకెత్తి పట్టుకుని.

"ఒరేయ్, ఇదేమిట్రా? ఇందులో ఎవరూ ఏమీ చేయలేదేమిటి? అన్నీ వాటంతటవే జరిగిపోయాయా?"

"ఫిర్యాదుల భాష అలాగే ఉంటుందక్కా."

"ఆ క్లినిక్ నర్సు కోటు చేతులు నేనే పొట్టి చేసి ఇచ్చాను. ప్రతిసారీ సూది పొట్లం నా కళ్లముందే చింపేది. చింపి, 'చూశారుగా' అని కూడా అనేది. అనుమానించబడుచున్నదట. ఎవరిచేత?"

"నాచేత," అన్నాడు బావ. "సంతకం పెట్టు. విచారణ చేసేవాళ్లు తేలుస్తారు."

"విచారణ అంటే ఆ పిల్లను పనిలోంచి ఆపేస్తారు, తేలేదాకా."

"తప్పులేకపోతే తిరిగి తీసుకుంటారు."

అక్క కలం కోసం చేయి చాపింది. నా జేబులోనే ఉంది కలం. దాని పక్కనే ఉత్తరం ఉంది. పొద్దున బయలుదేరేటప్పుడు దాన్నెందుకు జేబులో పెట్టుకున్నానో నాకు తెలియదు. చూపిస్తానని అనుకోలేదు. పెట్టుకోకుండా ఉండలేకపోయాను, అంతే. కలం తీయబోయి రెండూ తీశాను. ఉత్తరం దుప్పటి మీద పెట్టాను.

"సూది వల్ల కాదు," అన్నాను. "బావ వల్లా కాదు. పదకొండేళ్ల కిందటే నీ రక్తంలో దాని ఆనవాలుంది. ఇందులో రాసుంది. నేను తప్పు చదివాను. ఫారంలో కూడా నేనే తప్పు రాశాను. నీకు రక్షణ ఉందని."

అక్క ఉత్తరం విప్పింది. పై మూలలో ఎర్ర సిరాతో నేను వేసిన సంఖ్య ఉంది, పక్కన 'ఉదా.' అని ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"ఇది కవచం ఉత్తరం కదూ."

"అవును."

"మరి కవచం ఏది?"

చెప్పాను. ఉన్నదల్లా చెప్పాను: కాపలా ఉండగా అది లేవదని, మందుతో కాపలాను పడుకోబెట్టబోయే ముందు ఈ ఉత్తరం చూపించి ఉంటే, మందుతోపాటే రోజుకొక మాత్ర ఇచ్చి ఉండేవారని, ఇలా జరిగేది కాదని. "ఇలా జరిగేది కాదు" అన్నప్పుడు కర్త మళ్లీ తప్పిపోయాడని నాకే వినిపించింది. "నేను చూపించలేదు," అని చేర్చాను.

బావ చేతిలో పండు తొనలు విడివిడిగా అలాగే ఉండిపోయాయి.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది అక్క.

"మంగళవారం."

"ఎప్పుడు మంగళవారం?"

"డాక్టరు గదిలో. పాత కాగితం అన్నప్పుడు."

"ఇవాళ శనివారం."

నేను కలం తిరిగి జేబులో పెట్టుకున్నాను.

"పదకొండేళ్ల కిందటిది పొరపాటు. నాకూ తెలియదు, నీకూ తెలియదు. నేనైనా డాక్టరు దగ్గరకు పోవాల్సింది, పోలేదు. దానికి నేను నిన్నేం అనను. ఈ నాలుగు రోజుల్ని ఏమంటార్రా? నీ దగ్గర అన్నిటికీ మాటలుంటాయిగా."

సరిపోయే మాట ఒకటుంది, అబద్ధం, చాలా చిన్నది, చిన్నపిల్లలకు కూడా తెలిసినది. దాన్ని నేను పైకి అనలేకపోయాను.

బావ తొనలను పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, లేచాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది, బహుశా అందుకే అలా అనుకున్నాను.

"నిన్న నీ గదిలో నిలబడి నేను చెప్పిందంతా విన్నావు," అన్నాడు. "క్షవరం కత్తి దగ్గర్నుంచీ."

"విన్నాను బావా."

"విని రాస్తానన్నావు."

"అన్నాను."

ఆయన తలుపుదాకా వెళ్లి, అక్కడ ఆగాడు. వెనక్కి వచ్చి ఫిర్యాదు ముసాయిదాను తీసుకుని నాలుగు ముక్కలు చేసి, తొక్కలతోపాటు కాగితపు సంచిలో వేశాడు. తరవాత మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు, నా వైపు వీపు పెట్టి.

"నాకు మాత్రలు అవేనా, మారుస్తారా?" అని అడిగింది అక్క.

"అవే," అన్నాను. "వైరస్ తగ్గుతోందని వచ్చేటప్పుడు వార్డు నర్సు చెప్పింది. ఎంజైములే ఇంకా దిగలేదు."

"కీళ్ల మందు?"

"ఇప్పట్లో ఉండదు."

ఆమె తన వేళ్లు చూసుకుంది. కుడిచేతి కణుపులు అప్పటికే మళ్లీ గుండ్రబడుతున్నాయి. వాటిని అణిచిన మందే కాలేయం మీదకు తెచ్చింది. కాలేయం కోసం మందు ఆపితే, ఆ రక్షణే తిరిగొచ్చి కీళ్లను పట్టుకుంటుంది. అదంతా ఆమెకు వివరించే అర్హత నాకు లేదు, ఆమెకు వివరణ అవసరమూ లేదు.

"డాక్టరు మధ్యాహ్నం వస్తాడు," అంది. "ఉత్తరం ఒక్కటే ఇస్తే చాలదు. ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో, ఫారం ఎవరు నింపారో రాసివ్వు. రేపు ఎవరైనా ఆ సూదిగది పిల్లను అడిగితే చూపించడానికి ఉండాలి. ఆ డాక్టరమ్మ చూడాల్సింది చూడలేదు, అది ఆవిడ చెప్పుకుంటుంది. నీది నువ్వు రాయి."

మంచం మీద అడ్డంగా ఉండే భోజనం బల్లను నా వైపు తోసింది. నేను తెల్లకాగితం తీసి 'రోగి యొక్క పూర్వ' అని మొదలుపెట్టాను.

"కొట్టెయ్," అంది అక్క. "'నేను' అని మొదలుపెట్టు. ప్రతి వాక్యం."

కొట్టేశాను. నేను పదకొండేళ్ల కిందట మా అక్క రక్తపరీక్ష ఉత్తరాన్ని చదివి తప్పు అర్థం చెప్పాను. నేను ఆ ఉత్తరాన్ని ఆమెకు తిరిగి ఇవ్వలేదు. నేను క్లినిక్ ఫారంలో సోకలేదని గుర్తు పెట్టి, రక్షణ కలదని నా చేతితో రాశాను. నేను మార్చి పదిహేడున డాక్టరు అడిగినప్పుడు ఉత్తరం నా దగ్గరుందని తెలిసీ చెప్పలేదు. ఇరవై ఒకటో తేదీ దాకా చెప్పలేదు. ఈ చివరి వాక్యంలో 'నేను' లేదని అక్క వేలితో చూపించింది. చేర్చాను.

"చదువు," అంది. చదివాను. పక్క మంచం ముసలావిడ నా వైపు ఒత్తిగిల్లి మొత్తం విన్నది. బావ తిరగలేదు గానీ, 'తెలిసీ' అన్నచోట ఆయన భుజాలు కదిలాయి.

"రేపు రానా?" అని అడిగాను.

"నీ ఇష్టం. వస్తే మీ బావతో మాట్లాడు. నాతో మాట్లాడటం నీకు సులువు."

కాగితం కింద తేదీ వేశాను, సంతకం పెట్టాను. అక్క దాన్ని లాక్కుని, లోపల పాత ఉత్తరం ఉంచి, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచింది. మడత నిలవడానికి గుడ్డ మీద చేసినట్టే బొటనవేలి గోరు నడిపింది. సగానికి వచ్చేసరికి కణుపు సహకరించలేదు. నేను చేయి చాచేలోగా బావ వంగి మిగతా సగం నొక్కాడు. మంచం చివర కొక్కేనికి వేలాడుతున్న కేసు ఫైలు తీసి, వెనక అట్ట జేబులో కాగితం దూర్చి, ఫైలు తాడు రెండు చుట్లు చుట్టి, తిరిగి కొక్కేనికి తగిలించాడు.